హుస్నాబాద్ పోనన్న అంబాసిడర్

"ఇయ్యాల నా కండ్ల ముంగటనే చెక్ చెయ్యాలె సారయ్యా. మా అన్న గూడ చూస్తడు," అంటూ ప్రమీలమ్మ చేతిలోని ఫోన్‌ను అంబాసిడర్ బానెట్ కిందికి తిప్పింది.

వీడియో కాల్‌లో హుస్నాబాద్ నుంచి ఆమె అన్న రాజమల్లయ్య ముఖం తెర నిండా ఉంది.

"ఏం బావా, మా ఇంటికి బయలెల్లే ఐతారమే నీ బ్యాటరీ ఎందుకు పండుకుంటది?" అన్నాడతను.

ప్రమీలమ్మ భర్త రాజలింగం నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మా బాపు కొన్న బండి గద బావా. పాతది. దాని ఇష్టం దానిది."

"ఇష్టమేంది? ఇయ్యాల గూడ కదలకపోతే తుక్కుకు అమ్మెయ్యి. చెల్లె ఆ మోకాళ్ళతోని బస్సు ఎక్కలేదు. కొత్త కారు కొనుండ్రి."

"గంతే అన్నా. ఇయ్యాలతోని తేలిపోవాలె," అంది ప్రమీలమ్మ.

సిద్దిపేట బజార్లో రాజలింగం బట్టల దుకాణం తెలియనివాళ్ళుంటారేమో కానీ ఆ తెల్ల అంబాసిడర్ తెలియనివాళ్ళు లేరు. దాన్ని తుక్కుకు వేయడమా? పోనీ, హుస్నాబాద్ పోవడమా? రాజమల్లయ్య ఈమధ్య ప్రకృతి వైద్యంలో పడ్డాడు. వచ్చినవాళ్ళకు ఉప్పు లేని జావ పోస్తాడు. పచ్చి సొరకాయ ముక్కలు పెడతాడు. ఆపైన వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద తడిమట్టి మెత్తుతాడు. అది ఆరేదాకా లేవనివ్వడు, తన ఉపన్యాసం ఆపడు.

అందుకే ఆ ప్రయాణం అనుకున్నప్పుడల్లా రాజలింగం రెండ్రోజుల ముందే డైనమో వైరు ఊడబీకి పెట్టేవాడు. చార్జింగ్ ఎక్కక, దుకాణానికీ ఇంటికీ తిరిగేసరికి బ్యాటరీ నీరసపడేది. ఆదివారం పొద్దున సెల్ఫ్ కొడితే ఒక మూలుగు మూలిగి ఊరుకునేది. ఆ మూలుగు ఆయనకు సన్నాయిలా వినిపించేది.

కానీ ఇవాళ అన్న పట్టుబట్టడంతో ప్రమీలమ్మ మెకానిక్ సారయ్యను పిలిపించింది.

రాజలింగం సారయ్యకు కన్ను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"కండ్లల్ల నలక పడ్డదా సేటూ? నీళ్ళతోని కడుక్కోండ్రి," అన్నాడు సారయ్య.

గల్లీవాళ్ళు తోస్తే ఇంజన్ అందుకుంది. సారయ్య బ్యాటరీకి మీటరు తగిలించి ఇంజన్ రేస్ చేశాడు. "చార్జింగ్ సక్కగ ఉంటే ముల్లు పద్నాలుగు దాకా ఎక్కాలె. పన్నెండు కాన్నే కూసున్నది."

"డైనమో ఖరాబైనట్టుంది. దాని సామాను ఇప్పుడు యాడ దొరుకుతది? ఇయ్యాలటికి వదిలెయ్యి," అన్నాడు రాజలింగం ఆశగా.

సారయ్య వినలేదు. ఇంజన్ ఆపి, డైనమో వెనక్కి చెయ్యి పెట్టి తడిమాడు. "గిదేంది? వైరే ఊడివున్నది!"

"ఎలుకలు సేటు లెక్క తిరుగుతయి మా ఇంట్ల. గుంజినట్టున్నయి."

"ఎలుక నట్టు ఇప్పి, వైరు గుంజి, మళ్ళ నట్టు బిగిచ్చిందా సేటూ?"

ఫోన్లో రాజమల్లయ్య పకపకా నవ్వాడు. ప్రమీలమ్మ మొగుణ్ణి ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు అర్థమేమిటో రాజలింగానికి అంతు చిక్కలేదు.

సారయ్య వైరు బిగించి, బండిని మళ్ళీ తోయించి రేస్ చేశాడు. ముల్లు పద్నాలుగు మీదికి వెళ్ళి నిలబడింది. హెడ్‌లైట్లు వేసి చూశాడు. అయినా దిగలేదు.

"ఫస్ట్‌క్లాస్! చార్జింగ్‌కు ఢోకా లేదు."

"ఇగ రాండ్రి బావా. మట్టి జల్లెడ వట్టి నానవెట్టిన," అని రాజమల్లయ్య ఫోన్ పెట్టేశాడు.

చాలాసేపు ఇంజన్ నడవనిచ్చి, ఆపి, సారయ్య సెల్ఫ్ కొట్టి చూపించాడు. ఒక్క దెబ్బకే అందుకుంది. మళ్ళీ ఆపేసి, తాళం రాజలింగం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

రాజలింగం లోపలికి వెళ్ళి అంగీ మార్చుకున్నాడు. వంటింట్లో గుప్పెడు కారప్పూస నోట్లో పోసుకుని నింపాదిగా నమిలాడు. మళ్ళీ ఉప్పు ముఖం చూసేది రాత్రికే. పోతే పోయింది, బండి తుక్కుకు పోకుండా మిగిలిందని మనసుకు సర్దిచెప్పుకుని బయటికి వచ్చాడు.

ప్రమీలమ్మ అప్పటికే చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

తాళం తిప్పాడు. మూలుగు కూడా లేదు. లైటు వెలగలేదు. హారన్ పలకలేదు. దిగి బానెట్ ఎత్తి చూశాడు. బ్యాటరీని బండికి కలిపే లావుపాటి కేబుల్ అక్కడ లేదు.

ప్రమీలమ్మ దిగివచ్చి చూసింది. వెంటనే అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, మళ్ళ గదే కత! ఇప్పుడు కేబులే మాయమైంది. ఈయన సంగతి నీకు ఎరుకే గద. నేనేం జేతు, నా రాత!" గొంతు వణికించి, కొంగుతో ముక్కు తుడుచుకుని ఫోన్ కట్ చేసింది.

రాజలింగం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఒట్టు ప్రమీలా! దేవుని మీద ఒట్టు! ఈసారి నేను చెయ్యలే!"

ప్రమీలమ్మ గల్లీ అటూ ఇటూ చూసి, చేతిసంచి కొద్దిగా తెరిచింది. లోపల పానా, చుట్టచుట్టిన కేబుల్.

"ఎరుకే," అంది మెల్లగా. "ఆ జావ, ఆ మట్టి నాతోని గూడ కాదు. ఇన్ని రోజులు మీరే జేస్తున్నరని నిమ్మలంగ ఉన్న. ఇయ్యాల మీరు దొరికిపోతిరి, నేను చెయ్యి వెట్టక తప్పలే!"