చిప్పలో లేని రంగు

ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన రంగులు దొడ్లో రెండు కొబ్బరిచిప్పల్లో ఉన్నాయి. తెల్లపెట్ట నేల గీరుకుంటూ అటు తిరిగేసరికి, దాని తెల్లటి పిల్లలు రెండూ చెరో చిప్పలో దూకాయి. పెద్దది పసుపుగా తేలింది, చిన్నది నీలంగా తేలింది. అంతటితో వాటికి ఒకదానికొకటి పడకుండా పోయింది.

"అమ్మా, ఈ రెక్క ఇకనుంచి నాది. దాన్ని అటు రెక్క కింద పడుకోమను. దాని నీలం నాకంటుకుంటుంది" అంది పెద్దది.

"నువ్వే నాకు అంటించేలా ఉన్నావు. ఎడంగా నడువు" అంది చిన్నది.

"పొద్దుటిదాకా ఒకే గుడ్డులోంచి వచ్చినట్టు తిరిగారు కదే" అని నిట్టూర్చింది పెట్ట.

అంతలో నేలమీద గద్ద నీడ జారింది. పెట్ట ఒక్క అరుపు అరిచి రెక్క విప్పింది. ఏ రెక్క ఎవరిదో చూసుకునే తీరిక లేదు. రెండూ ఒకే రెక్క కింద దూరి, ఒకదాన్నొకటి హత్తుకుని వణికాయి.

గద్ద వెళ్లాక బయటికొచ్చి చూసుకుంటే, ఆనుకున్న పక్కలు రెండూ వరినారులా ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఈ రంగు నీ చిప్పలో ఉందా?" అని అడిగింది పెద్దది.

"లేదు. నీ చిప్పలో?"

"నా చిప్పలోనూ లేదే."

చిన్నది తన రెండో పక్క చూసుకుని, "ఇటుపక్క ఇంకా నీలమే ఉంది. ఇటు కూడా ఆనుకుందామా?" అని అడిగింది.

ఎండెక్కాక కోళ్లన్నీ ఈకలకంటినదంతా రాలిపోయేలా దుమ్ములో పొర్లడానికి బయల్దేరాయి. తెల్లపెట్ట మాత్రం కదల్లేదు. దాని రెక్క లోపలి ఈకలకూ కాస్త ఆకుపచ్చ అంటుకుంది మరి.