నల్లవాగుకు ఆ పేరెట్ల వచ్చింది

"ఈ వాగు పేరే నల్లవాగు. అంటే నీళ్లు మొదటినుంచీ నలుపే. ఇందులో గని తప్పేమీ లేదు," అని తనిఖీకి వచ్చిన అధికారి గట్టుమీద కుర్చీ వేయించుకొని తేల్చేశాడు. ఆయన వెనకాలే గని పైపు బొగ్గునీళ్లను వాగులోకి కక్కుతోంది.

అర్జీ పెట్టిన రాయమల్లుకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు ఆ గనిలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ నీళ్లకే అతని వరి మాడిపోతోంది.

"గట్లయితె పక్కూళ్లె పాలవాగున్నది సారూ. మీ చాయ్‌కు పాలు అండ్లకెల్లి ముంచుకరమ్మంటరా?"

అధికారి నవ్వలేదు. "మరి నల్లవాగని ఎందుకన్నారు?"

"అసలు పేరు అద్దాలవాగు. అండ్ల మొఖం చూసుకొని తల దువ్వుకునేటోళ్లం. షిఫ్టు దిగినంక బొగ్గు మొఖాలు అండ్లనే కడిగేటోళ్లం గద, పరాష్కానికి నవ్వుకుంట మేమే నల్లవాగన్నం."

అధికారి ముఖం వెలిగిపోయింది. వెంటనే కలం తీశాడు.

"గని కార్మికులు ముఖములు కడుగుటవలన వాగు నలుపెక్కినట్లు విచారణలో తేలినది."

కాగితాన్ని రాయమల్లు ముందుకు తోశాడు.

"నీ అర్జీకి జవాబు దొరికింది. సాక్షిగా సంతకం పెట్టు."