చేతికి సెలవు

చేతి పట్టు కొలిచే మీటరు మీద ముల్లు ఇవాళ కూడా కిందికే దిగింది.

"నిన్న దొంగచాటుగా నొక్కావు కదూ?" కోచ్ కళ్ళెర్రజేశాడు.

"లేదు సార్, ఒట్టు! పిడికిలితో నొక్కే స్ప్రింగు మీ బీరువాలోనే ఉందిగా!"

"మరి సాయంత్రం ఉడుంపట్టు పట్టిన చెయ్యి పొద్దున్నకి తోటకూర కాడలా వేలాడుతోందేంటి? పడుకుని లేస్తే ఎవరికైనా బలం పెరుగుతుందయ్యా. తరగడం నిన్నే చూస్తున్నాను."

అతనికి ఒళ్ళు మండిపోయింది. జవాబు చెబుదామంటే తనకి తెలిస్తేగా!

ఫైర్ స్టేషన్‌లో తడిసిన గొట్టాలు ఆరబెట్టే టెంపరరీ ఉద్యోగం అతనిది. పర్మినెంటు కావాలంటే పరీక్షలో నెగ్గాలి. తాడు పట్టుకుని, ఆఫీసరు ఈల వేసేదాకా గాల్లో వేలాడాలి. కిందటి పరీక్ష రోజున భార్య ఆపరేషన్ బల్ల మీద ఉంది. అతను పరీక్షకి వెళ్ళలేదు. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, ఇక బతుకంతా ఆ గొట్టాలతోనే.

అందుకే మొదట్లో వెర్రెత్తినట్టు స్ప్రింగు నొక్కాడు. బస్సులో నొక్కాడు, పేపరు చదువుతూ నొక్కాడు, ఎవరితో మాట్లాడుతున్నా నొక్కుతూనే ఉన్నాడు. చెయ్యి వాచి పూర్తిగా మొరాయించాక జిమ్‌లో ఈ కోచ్ దగ్గరికి పరిగెత్తాడు.

"పని చేస్తే కండ అరుగుతుంది, పడుకుంటే పెరుగుతుంది" అన్నాడు కోచ్. "రోజు విడిచి రోజు సాధన. మధ్యరోజు ఆ చేత్తో ఏదీ గట్టిగా పట్టుకోవద్దు. బకెట్టు కూడా!"

అప్పట్నించీ ఆ చేతిని పసిపిల్లలా చూసుకుంటున్నాడు. మధ్యరోజున బట్టలు పిండడు, సీసా మూత తియ్యడు, తలుపు మోచేత్తో నెడతాడు. ఆఫీసర్ని బతిమాలి గొట్టాల దగ్గర్నించి ఫోను దగ్గరికి మారాడు.

"ఏరా, నీ చేతికేమైనా నెలలు నిండాయా?" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే పళ్ళు నూరుకుంటూ రెండో చేత్తో ఫోనెత్తాడు.

ఇంత చేసినా దిక్కుమాలిన ముల్లు పైకి లేవదే!

ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టాడు. వంటిల్లు పోను వాళ్ళకున్నది ఒకటే గది. అందులో సగం కుట్టుమిషను, సగం మంచం. భార్య నేలమీద కూర్చుని స్కూలు యూనిఫారాల గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర ఎడంచేతిలో ఉంది. గీత తిన్నగా రావడం లేదు.

"ఈ ఎడంచేతి వాటం ఎప్పట్నించి?"

"కుడిచెయ్యి కాస్త లాగుతోందిలెండి. ఏమన్నాడు మీ కోచ్?"

"ఏమంటాడు? దొంగనంటాడు! గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నానే, ఇంకేం చెయ్యమంటాడు నన్ను? సాయంత్రం దాకా బానే ఉంటుంది. తెల్లారి లేచేసరికి వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. నా ఖర్మ కాకపోతే ఏంటిది!"

ఆమె కత్తెర ఆపి అతని చేతివైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

"రేపు నేను అక్కావాళ్ళింటికి వెళ్తాను."

"రేపా? వారంలో పరీక్ష పెట్టుకుని?"

"అదయ్యాక వచ్చేస్తాను."

"ఎందుకంట అంత అర్జెంటు?"

"ఊరికే. వెళ్ళాలనిపించింది."

అతను గయ్యిమన్నాడు. "ఊరికేనా? నీకు ఆపరేషనైతే ఉద్యోగం పోతే పోయిందని నీ మంచం పక్కనే కూర్చున్నానే! ఇప్పుడు నాకవసరం పడితే నీకు అక్క గుర్తొచ్చిందా? వెళ్ళు! వెళ్ళి అక్కడే ఉండు!"

ఆఖరి మాట నోట్లోంచి జారాక అయ్యో అనుకున్నాడు గానీ, వెనక్కి తీసుకోలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని బట్టలు సర్దుకుంది. పొద్దున్నే వెళ్ళేముందు వంటింట్లో డబ్బాల మూతలన్నీ వదులుగా పెట్టి వెళ్ళింది.

వారమంతా అతను బుసలు కొడుతూనే ఉన్నాడు. ఆమె ఫోను చేస్తే ఎత్తలేదు.

విచిత్రమేంటంటే, ముల్లు లేచింది. మొదటిరోజు మీటరు పాడైందేమో అనుకున్నాడు. మర్నాడు ఇంకాస్త లేచింది. ఆ మర్నాడు కోచ్ మెచ్చుకోలుగా అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. "చూశావా! అబద్ధాలు మానేసి నా మాట వింటే ఎలా ఉందో!"

వాదించే ఓపిక లేక అతను తలూపాడు. పరీక్షనాడు తాడు పట్టుకుని వేలాడాడు. పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే పడిపోతున్నా పళ్ళ బిగువున వేలాడుతూనే ఉన్నాడు. ఈల మోగింది. ఆఫీసరు వచ్చి భుజం తట్టాడు.

బయటికి రాగానే ఫోను తీశాడు. సంతోషం కన్నా ముందు కోపమే తన్నుకొచ్చింది.

"నెగ్గాను! విన్నావా? నువ్వు లేకుండానే నెగ్గాను! నువ్వు గడప దాటిన మర్నాటి నుంచే నా పట్టు పెరిగింది, తెలుసా?"

అవతల ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"పెరక్కేం చేస్తుందండీ, నేను ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు మీరు నిద్రలో తెల్లవార్లూ నా చెయ్యి బిగించి పట్టుకుంటున్నారు, ఆ మాట చెబితే అసలు నిద్రే మానేస్తారని నేనే పక్కకి తప్పుకున్నాను."