మాస్టారు సరేనన్నారు

ఇంట్లో గాలిరాయుడి మాట వినే నాథుడు లేడు.

రెండు చేతులా రెండు దారాలు పట్టుకుని పల్టీలు కొట్టించే పాతకాలపు గాలిపటాలు సేకరించడం అతని పిచ్చి. "నాకో మంచి బీరువాకి దిక్కులేదు గానీ, ఆ పీలికలకి అద్దాల పెట్టెలా?" అంటుంది భార్య. గాలిపటం మాటెత్తితే చాలు, బావమరిదికి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

పోనీ ఎగరెయ్యడమైనా వచ్చా? అతను దారం లాగాడంటే మైదానంలో నడకకొచ్చినవాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకుని పరుగు లంకించుకుంటారు.

తన గదిలో మాత్రం అతను మహారాజు. పైకప్పుకి ఎర్ర గాలిపటం, దాని కింద కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ ఇంతవరకూ అతని మాటకి అడ్డు చెప్పలేదు. నోళ్ళు తెరుచుకుని వింటారు. కొందరైతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

ఆ ఉదయం డ్రిల్లు మాస్టారు వచ్చారు. అతని గడప తొక్కనని ఒట్టేసుకున్న మనిషి! మొహం పీక్కుపోయి ఉంది. తోడొచ్చిన వియ్యంకుడు బయట బెంచీ మీద కూలబడ్డాడు.

రిటైరైన ఈ మాస్టారి దగ్గర నలభై ఏళ్ళనాటి నీలం గాలిపటం ఉంది. ప్రతి ఆదివారం ఆయన చేతిలో అది పాములా మెలికలు తిరుగుతుంది. దానికోసం గాలిరాయుడు మూడేళ్ళుగా కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. "నువ్వు గోడకి మేకు కొట్టి ఉరేస్తావు నాయనా. నా కంఠంలో ప్రాణముండగా ఇవ్వను" అనేవారు ఆయన.

"రండి మాస్టారూ, కూర్చోండి!"

చేతులు కడుక్కొచ్చి, మెల్లగా మొదలెట్టాడు.

"మొన్న వరసగా ఏడు పల్టీలు కొట్టించాను. చూశారుగా?"

"ఆఁ..."

"ఊళ్ళో నా అంతవాడు లేడు. కాదంటారా?"

మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ... ఆఁ..."

"మీకా వయసు మీదపడింది. ఆ నీలందాన్ని నాకిచ్చేస్తున్నట్టేనా?"

మాస్టారు కుర్చీ చేతుల్ని ఉడుంపట్టు పట్టారు. కాళ్ళు టపటపా కొట్టుకున్నారు. చెంపల మీదికి నీళ్ళు కారాయి.

"ఆఁ! ఆఁ! ఆఁ!"

"విన్నారా అన్నగారూ?" గాలిరాయుడు తలుపువైపు తిరిగి కేకేశాడు. "మూడుసార్లు ఒప్పుకున్నారు. మీరే సాక్షి!"

"విన్నానండీ! మా బావగారు దేనికైనా ఇంత తేలిగ్గా సరేననడం ఈ జన్మలో ఇదే చూడ్డం!"

"అయితే ఆలస్యమెందుకు? వెళ్ళి పట్టుకొచ్చెయ్యండి."

మాస్టారి ఇల్లు రెండిళ్ళ అవతలే. అయిదు నిమిషాల్లో వియ్యంకుడు నీలం గాలిపటాన్ని దుప్పటిలో చుట్టి, తలుపు సందులోంచి అందించి వెళ్ళాడు.

గాలిరాయుడు దాన్ని కళ్ళకద్దుకుని బీరువాలో పెట్టి తాళం వేసి, "ఇక నోరు మూసుకోవచ్చు మాస్టారూ" అంటూ, ఆయన నోట్లోంచి దూదితో సహా పుచ్చిన పన్ను లాగి పళ్ళెంలో పడేశాడు.