బొటనవేలంత మెరుపు

ఆ రోజు కడపలో ఆ ఇంట్లో నలుగురు ఉన్నారు. నులకమంచం మీద కాళ్లు చాపుకున్న పుల్లయ్య. అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్న ఆయన కొడుకు, కాలేజీ చదివే సుబ్బయ్య. వంటింట్లో సంగటి కెలుకుతున్న భార్య కృష్ణవేణమ్మ. చేట ముందేసుకుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న కూతురు గురమ్మ.

వాకిట్లో ఇద్దరు నిలబడ్డారు. బేతంచెర్ల నుంచి వచ్చిన అలివేలు, ఆమె అవ్వ కన్యకమ్మ. అలివేలు చంకలో పాత చీరముక్కతో చుట్టిన చెక్కపెట్టె ఉంది.

ఒంటిమిట్ట రాములవారి దర్శనానికి అవ్వ బయలుదేరితే తానూ వస్తానని అలివేలు పట్టుబట్టింది. కడపలో బస్సు మారేటప్పుడు ఒక ఇంటికి పోవాలని, ఈ పెట్టెను స్నేహితుడికి ఇచ్చి రమ్మని తన అన్న కేశవులు చెప్పాడని అవ్వను నమ్మించింది. కేశవులుకు ఆ స్నేహితుడు ఎవరో కూడా తెలియదు.

ఏడాది కిందట మద్రాసు నుంచి వచ్చే ఒక రేడియో పత్రిక చివరి పేజీలో చిరునామాతో సహా చిన్న ప్రకటన పడింది. ‘ఎక్కువ ఓల్టుల కరెంటుతో ప్రయోగాలు చేసేవారు ఎవరైనా ఉంటే జాబు రాయండి. పుల్లయ్య, కడప.’

అలివేలు దాన్ని పదిసార్లు చదివింది. బేతంచెర్లలో అలాంటి పిచ్చి ఉన్నది తనొక్కతికే. కానీ పరాయి మగవాడికి ఆడపిల్ల జాబు రాసిందంటే నాయన ప్రాణం తీస్తాడు. అందుకే కింద అన్న పేరు పెట్టింది. టపాకచ్చేరికి పోయి ఇంటి జాబులు తెచ్చేది తానే కాబట్టి గుట్టు బయటపడలేదు.

పదకొండు జాబులు వచ్చాయి. పాత లారీ కాయిలుకు బ్యాటరీ ఎలా తగిలించాలో, గాజుసీసాకు సిగరెట్టు పెట్టెల వెండికాగితం ఎలా అంటించాలో, తీగచుట్ల మధ్య మైనం ఎలా పోయాలో పుల్లయ్యగారు బొమ్మలు గీసి పంపేవారు. ‘ఈ ఊళ్లో ఈ మాటలు చెప్పుకోను నాకు ఒక్క మనిషీ లేడు’ అని రాసేవారు. తన నిప్పురవ్వ బొటనవేలంత దూరం దూకిందని అలివేలు రాస్తే, ‘చదివినప్పటి నుంచి అన్నం సయించలేదు’ అని జవాబు వచ్చింది.

మొన్న బుధవారం నాయన అటక మీద, అవన్నీ అమర్చిన ఆ పెట్టెను ముట్టుకుని కరెంటు కొట్టి కిందపడ్డాడు. ఆదివారంలోగా దాన్ని నాపరాళ్ల గని నీళ్లలోకి విసిరేస్తానన్నాడు. అది బతకాలంటే దాని సంగతి తెలిసిన మనిషి చేతిలో పెట్టాలి. అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు.

“పుల్లయ్య నేనేలే. ఎవురు మీరు?” అన్నాడు మంచం మీది నుంచి.

“బేతంచెర్ల కోమట్లము నాయనా. మా కేశవులు ఈ పెట్టె నీకియ్యమన్యాడంట,” అంది అవ్వ.

“యా కేశవులు?”

అలివేలు పెట్టెను ముందుకు చాపింది. “అదే... జాబులు... కరెంటు గురించి...”

“కరెంటా! స్విచ్చి నొక్కాలన్నా నేను కట్టెపుల్లతో నొక్కుతా. ఏమప్పా సుబ్బయ్యా, నేను కరెంటు మింద జాబులు రాస్తాండానంట!”

“ఏలిముద్ర ఏసే మనిషమ్మా ఆయన! జాబులు యాడ రాస్తాడు?” వంటింట్లోంచి కృష్ణవేణమ్మ నవ్వింది.

గురమ్మ లేచిపోయి నీళ్లు తెచ్చింది. చెంబును పెట్టెకు దూరంగా, అవ్వ పక్కన పెట్టింది.

అలివేలు ఆశ సుబ్బయ్య మీదికి మళ్లింది. అతను దువ్వెన జేబులో పెట్టుకుని వచ్చి చీరముక్క విప్పాడు.

“ఏందిది, ఎలకల బోనా?” అంటూ పెట్టెలోకి వేళ్లు పెట్టబోయాడు.

అలివేలు నోరు తెరిచేలోగా, “ఊరోళ్ల వస్తువులు నీకెందుకన్నా? ఊరికే ఉండలేవా?” అని గురమ్మ కసిరింది.

సుబ్బయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఎవడో పనిలేనోడు మీ అన్నను ఆట పట్టించినాడమ్మీ. ఇంక రాయొద్దని చెప్పు.”

అవ్వ అలివేలు వైపు చురచుర చూసింది. “ఈ మాత్రానికా నన్ను ఇంత ఎండలో నడిపించినావు? వానికి బుద్ధి లేకపోతే నీకుండొద్దా?”

అలివేలు పెట్టెను మళ్లీ చుట్టింది. ముడి పడటం లేదు. ఏడాదిగా తనను చూసి ఎవరో నవ్వుకున్నారు. ఆ బొమ్మలు, ఆ మాటలు, అన్నీ ఎకసెక్కమే. జాబులు రాసింది నేనేనని ఇక్కడ అరిస్తే సాయంత్రానికల్లా అవ్వ నోట నాయన చెవిన పడుతుంది. అరిచినా వినేవాళ్లెవరు?

మెట్టు దిగుతుంటే గురమ్మ గుమ్మం దాకా వచ్చింది.

“మీ అన్న రాలేదా?”

“లేదు.”

“బాగుండాడా?”

“బాగుండాడు,” అంది అలివేలు. తర్వాత తల ఎత్తకుండానే అంది. “ఇంకెప్పుడూ రాయడులే.”

“తలుపేయ్ గురమ్మా, కోళ్లు లోపలికొస్తాండాయి,” అని పుల్లయ్య కేకేశాడు.

గురమ్మ కాసేపు ఆ చీరముక్క మూటనే చూసింది. తర్వాత అలివేలు మొహం మీదే తలుపు మూసింది.

గడియ పెట్టిన గురమ్మ, నాయన పేరుతో తాను రాసిన జాబులకు ఇక కేశవులు జవాబు రాయడని, తలుపుకు తల ఆనించి చప్పుడు కాకుండా ఏడ్చింది.