వంతెన దాటాక

"బ్రేకు నేను వెయ్యలేదు సార్!" కొత్త డ్రైవరు రెండు చేతులూ ఎత్తేశాడు.

కొత్త లోకల్ రైలు పాత వంతెన దాటగానే దానంతటదే నెమ్మదించింది. సిగ్నల్ పచ్చగానే ఉంది. పట్టాల మీద పురుగు కూడా లేదు.

"దయ్యం పట్టిందా ఏంటి?" ఇంజనీరు నవ్వుతూ నావైపు తిరిగాడు. "మీరు పాత బళ్ళు నడిపిన తీరు చూపించే కదా దీని కంప్యూటర్‌కి నేర్పాం. ఇక్కడెందుకు తగ్గించేవాళ్ళు, పెద్దాయనా?"

"మా బావ పట్టాలు బిగిస్తూ ఇక్కడే బండి కింద పడ్డాడు. ఆయన పేరున ఒక రాయి పాతమంటే ఆఫీసు వినలేదు. అప్పట్నుంచీ డ్రైవర్లందరం ఇక్కడ నెమ్మదిగా పోయేవాళ్ళం. ఆ అలవాటు మాతోనే ఆగిపోతుందనుకున్నా."

"పాపం. కానీ బండి లేటవుతుంది. రేపటికల్లా కంప్యూటర్‌లోంచి అది తీసేయిస్తాను."

బయట ఎవరో పక్కనే నడుస్తున్నట్టు కంకర చప్పుడైంది.

"తీసేయించండి సార్," అన్నాడు కొత్త డ్రైవరు, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "రేపట్నుంచి ఇక్కడ బ్రేకు నేను వేస్తాను."