ఆపుకున్న తుమ్ము

తుమ్ము వచ్చేలా ఉంది.

రాకూడని సమయం చూసుకుని మరీ వస్తోంది. బంతి గుంటకి సరిగ్గా నాలుగడుగుల దూరంలో ఉంది. పడితే కప్పు అల్లుడిది. పడకపోతే నిరుడిలాగే రెండో స్థానం, నిరుడిలాగే ఇంట్లో రణరంగం.

తుమ్ము వస్తున్నది మామగారికి. ఆయన గోల్ఫ్ వ్యాఖ్యాత. మిగతా ఆటల వాళ్ళు మైకు పట్టుకుని గొంతు చించుకుంటారు. గోల్ఫ్‌లో ఆ పప్పులేమీ ఉడకవు. ఆటగాడు స్టిక్ పట్టుకుని వంగితే చీమ కూడా చిటుక్కుమనకూడదు. అందుకే ఇరవై రెండేళ్ళుగా ఆయన టీవీలో గుసగుసలాడుతూనే బతుకుతున్నాడు. తోటివాళ్ళు ‘గుసగుస గారు’ అని పేరు కూడా పెట్టేశారు. ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. కూరలో ఉప్పు తగ్గిందన్నా ఎవరిదో గుట్టు చెబుతున్నట్టే ఉంటుందని భార్య విసుక్కుంటుంది.

అలాంటి మనిషి నిరుడు ఇదే పోటీలో, ఇలాంటి చివరి బంతి దగ్గరే తుమ్మాడు.

అది అలాంటిలాంటి తుమ్ము కాదు. టీవీ చూస్తున్న ప్రతి ఇల్లూ దద్దరిల్లింది. మరుక్షణం అల్లుడి బంతి గుంట అంచుదాకా వచ్చి, మనసు మార్చుకుని పక్కకి పోయింది.

“మామయ్య తుమ్ముకి నా చెయ్యి అదిరిపోయింది,” అన్నాడు అల్లుడు.

ఇక సాక్ష్యం ఎవరిక్కావాలి? ఇంటిల్లిపాదీ కళ్ళారా చూశారు, చెవులారా విన్నారు. తుమ్ము ముందు, తప్పు తర్వాత. కూతురు ఆరోజునుంచి పుట్టింటి గడప తొక్కలేదు. ఆయన ఫోన్ చేస్తే “అమ్మకివ్వు” అనే ఒక్క మాటతో సరిపెడుతోంది. ఒక్కగానొక్క కూతురు. ఆ ఒక్క మాట ఆయన్ని ఏడాదిపాటు లోపల్లోపల కోసేసింది. తుమ్మింది తానే కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేకపోయాడు.

అందుకే ఈసారి గట్టి ఏర్పాట్లే చేసుకున్నాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. కుర్చీ కిర్రుమనకుండా ఇంటినుంచి నూనె తెచ్చి చక్రాలకి పట్టించాడు. ఫ్యాను ఆపించాడు. ఎవరో ముచ్చటపడి పెట్టిన పూలగుత్తిని వరండాలోకి పంపేశాడు. జలుబు లేకపోయినా జలుబు మాత్ర వేసుకున్నాడు.

పక్కన కూర్చున్న సౌండ్ ఇంజనీరుకి గోల్ఫ్‌లో ఇదే మొదటి రోజు. నిన్నటిదాకా ఫుట్‌బాల్ కేకల మధ్య పనిచేసిన మనిషి. ఫ్యాను లేని గదిలో చెమటలు కక్కుతూ ఆవిడ రెండుసార్లు “సర్, ఒక్క మాట...” అనబోయింది. రెండుసార్లూ ఆయన పెదాల మీద వేలు పెట్టి కళ్ళురిమాడు.

అల్లుడు బంతి ముందు వంగాడు. మైదానమంతా జనం ఊపిరి బిగబట్టారు.

“పచ్చిక కుడివైపుకి వాలి ఉంది,” ఆయన మైకులో గుసగుసలాడాడు. “కాస్త ఎడమకి చూసి కొట్టాలి. తొందరపడకూడదు. ఇప్పుడు మెల్లగా...”

సరిగ్గా అప్పుడే ముక్కులో మంట పుట్టింది.

ఆయన చటుక్కున నోరు మూసేశాడు. ముక్కు నొక్కి పట్టుకున్నాడు. ముఖం కందగడ్డయింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కూతురి ముఖం గుర్తుచేసుకున్నాడు. ‘ప్రాణం పోయినా సరే, తుమ్మను’ అనుకున్నాడు. తుమ్ము కాసేపు పెనుగులాడి, ఎటు పోయిందో గానీ పోయింది.

అల్లుడు కొట్టాడు.

బంతి కుడివైపుకే వెళ్ళింది. గుంట ముఖమైనా చూడకుండా పక్కనుంచి దర్జాగా సాగిపోయింది.

ప్రసారం ముగిసిన పది నిమిషాలకి ఫోన్ మోగింది. కూతురు. ఏడాది తర్వాత తానై చేసిన మొదటి ఫోన్.

“మళ్ళీ చేశావుగా నాన్నా!”

“నేనేం చేశానమ్మా? తుమ్మలేదు. ఒట్టు. కావాలంటే ఈవిణ్ణి అడుగు.”

“తుమ్మలేదులే. కానీ మాట మధ్యలో టక్కున ఆగిపోయావు కదా! ఇప్పుడే ఆయనకి ఫోన్లో ఆ సంగతి చెప్పాను. ‘అదీ విషయం, మామయ్య గొంతు ఆగేసరికి నా గుండె ఆగినంత పనైంది’ అన్నారు. ఇంతకాలంగా నీ గుసగుస వింటూ ఆడటం అలవాటైపోయిందట పాపం.”

ఆయన తల దించుకున్నాడు. ఆగిన మాట నిజమే. కాదనడానికేముంది?

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు. అలవాటు కొద్దీ అదీ గుసగుసగానే వచ్చింది. “అల్లుడుగారికి చెప్పు. ఈ ఉద్యోగమే మానేస్తాను. రేపే రాజీనామా రాసిస్తాను.”

“మంచిది. అమ్మకి చెప్పు, ఆదివారం వస్తాం,” అంది కూతురు. ఫోన్ పెట్టేసింది.

ఉద్యోగం పోయినా కూతురు వస్తోంది. ఆయనకి ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. వాటి వెనకాలే, ఇందాక పోయిన తుమ్ము తిరిగొచ్చింది. ఇంత ఆవేశంగా ఆయన జీవితంలో ఎప్పుడూ తుమ్మలేదు. కుర్చీ నూనె చక్రాల మీద గోడదాకా జారిపోయింది.

సౌండ్ ఇంజనీరు ఫ్యాను వేసింది. జేబురుమాలు అందించింది. నిరుటి తుమ్ము కథ ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. ఆవిడ పొద్దుటినుంచీ గొంతులో అడ్డుపడ్డ ఆ ఒక్క మాటా ఇక ఆపుకోలేకపోయింది.

“సర్, ఏమీ అనుకోకండి, మీ అల్లుడుగారేమో సముద్రానికి అవతల ఆడుతున్నారు, మనమేమో ఎప్పుడూ ఈ స్టూడియోలో కూర్చుని టీవీలో చూసే చెబుతాం కదా, నిరుడు మీ తుమ్ము ఆయనకెలా వినబడింది?”